మూడక్షరాల విశాఖ, 45 గుర్తుల విశాఖ

ఎంవీపీ కాలనీలో ఒకరి ఇల్లు వెతకాలంటే ముందు సెక్టార్ తెలియాలి, ఆ తర్వాతే డోర్ నెంబరు. కవరు మీద మాత్రం తలకిందులుగా రాస్తాం. పైన మనిషి పేరు, కింద డోర్ నెంబరు, సెక్టారు, కాలనీ, చిట్టచివర విశాఖపట్నం. ఉత్తరం చేర్చేవాళ్లు కింది నుంచి పైకి చదువుకుంటారు. ఆఫీసుల్లో ఉద్యోగుల పేర్లు, ఫోన్లు, లాగిన్‌లు దాచే డైరెక్టరీ సర్వర్‌లోనూ ఇదే పద్ధతి: ముందు మనిషి, తర్వాత విభాగం, చివర సంస్థ, మధ్యలో కామాలు.

ఆ సర్వర్‌తో మాట్లాడే భాష ఎల్‌డాప్. 1988 నాటి ఎక్స్.500 అనే డైరెక్టరీ ప్రమాణం మరీ బరువుగా ఉందని దాన్ని తేలిక చేశారు, తొలి నిర్వచనం 1993లో వచ్చింది. దీనికి వెబ్ అడ్రసులాంటి అడ్రసు ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాల్సిందే గానీ, తెలుగులో రాసుకుంటే ఇలా కనిపిస్తుంది:

ఎల్‌డాప్://సర్వర్/ఓయూ=విశాఖ,డీసీ=ఆఫీసు?మెయిల్?సబ్?(సీఎన్=రా*)

ఓయూ అంటే విభాగం, డీసీ అంటే సంస్థ డొమైన్ పేరులో ముక్క, సీఎన్ అంటే మనిషి పేరు, ‘రా*’ అంటే రా తో మొదలయ్యేవి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వివరం కావాలి, ఎంత లోతుకు వెళ్లాలి, ఎవరిని ఏరాలి (దీన్నే ఫిల్టరు అంటారు) అన్నవి వరుసగా వస్తాయి. మధ్యలో ప్రశ్నార్థకాలు. ఒక గడి ఖాళీగా వదిలినా దాని తర్వాత ఇంకేమైనా రాయాలంటే ప్రశ్నార్థకం పెట్టాల్సిందే, బ్యాంకు చలానాలో గడి వదిలేసినంత మాత్రాన గడి మాయమవదు కదా.

నేను దెబ్బతిన్నది ఆ లోతు గడి దగ్గరే. ఇక్కడే ఒక ఆఫీసులో పనిచేసేటప్పుడు విభాగం పేరు రాసి, లోతు ఖాళీగా వదిలి, అందరి పేర్లూ వస్తాయని కూర్చున్నాను. ఒక్కటే వచ్చింది, అదీ విభాగం పేరే! అడ్రసులో ఏమీ రాయకపోతే ‘బేస్’ అని అర్థం, అంటే చెప్పిన చోటు మాత్రమే. కమాండ్ లైన్‌లో వెతికే ఎల్‌డాప్‌సెర్చ్‌కేమో ఏమీ చెప్పకపోతే ‘సబ్’, అంటే ఆ చోటూ దాని కిందున్న సమస్తమూ. దానికి అలవాటుపడ్డ చెయ్యి దీని దగ్గర తప్పు చేస్తుంది. ఇక ‘ఒన్’ అంటే పిల్లలు మాత్రమే. తల్లి రాదు, మనవలూ రారు.

ఇలాంటి అడ్రసును కట్టడానికీ విప్పడానికీ, ఉచితంగా దొరికే ఎల్‌డాప్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎల్‌డాప్‌తో పాటు ఎల్‌డాప్‌యూఆర్‌ఎల్ అనే చిన్న కమాండ్ వస్తుంది. ముక్కలిస్తే అడ్రసు చేస్తుంది, పెద్ద హెచ్ ఆప్షన్‌తో అడ్రసిస్తే ముక్కలు చేసి వరుసగా పేరుస్తుంది. సర్వర్ జోలికి పోదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఇంత చిన్న పనికి కమాండ్ ఎందుకంటే, మనం కొట్టిన ఆ అడ్రసు వరుసను ముగ్గురు చదువుతారు. ముగ్గురికీ పట్టింపులు వేరు. మొదట షెల్, అంటే మనం కొట్టిన కమాండ్లను అందుకునే ప్రోగ్రాం: దానికి బ్రాకెట్టు, నక్షత్రం, ఆంపర్సండ్ అన్నీ ఆజ్ఞలే, కోట్స్‌లో పెట్టకపోతే గొడవ. రెండోది అడ్రసు రాసే నియమం: ఖాళీ జాగా ఉండకూడదు, %20 అని రాయాలి, లోపల నిజంగా ప్రశ్నార్థకం కావాలంటే %3ఎఫ్. మూడోది ఫిల్టరు: పేరులోనే బ్రాకెట్టు ఉంటే, ఉదాహరణకు ‘రావు (జూనియర్)’, తెరిచే బ్రాకెట్టుకు వెనక్కి వాలిన గీత వేసి 28 రాయాలి, మూసేదానికి 29. ఆ గీత అడ్రసులో చెల్లదు కాబట్టి అది మళ్లీ %5సీ అవుతుంది. మందు మీద మందు! ఈ కమాండ్ రెండోవాడి సంగతి మాత్రమే చూసుకుంటుంది, మిగతా ఇద్దరినీ మనమే సముదాయించాలి.

తెలుగు పేరుంటే ఇంకా వినోదం. ‘విశాఖ’ కంటికి మూడక్షరాలు. ప్రపంచ లిపులన్నిటికీ నెంబర్లిచ్చే యూనికోడ్‌లో గుడిని, దీర్ఘాన్ని విడిగా లెక్కపెడతారు కాబట్టి ఐదు. వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 15. అడ్రసులో ప్రతి బైటుకూ శాతం గుర్తు, రెండు అంకెలో అక్షరాలో. వెరసి 45 గుర్తులు. దీన్ని చేత్తో రాయగలిగినవాళ్లకు నా నమస్కారం.

అందుకే ఎవరైనా పొడుగాటి అడ్రసు పంపి ‘పనిచేయట్లేదు, చూడండి’ అంటే ముందు కళ్లతో చదవను. కోట్స్‌లో పెట్టి పెద్ద హెచ్‌తో విప్పుతాను. చాంతాడంత శాతం గుర్తుల స్థానంలో ‘విశాఖ’ అని శుభ్రంగా వస్తుంది. కింద లోతు వరుసలో ‘సబ్’ ఉందా లేదా అన్నది తర్వాత చూస్తాను. చాలాసార్లు ఉండదు.