కౌంట్ కరెక్టే, మాప్ మాత్రం కడుపులోనే

'ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరిచిన వైద్యులు' అన్న వార్త మన పత్రికల్లో అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. చదివినవాళ్లు ముందుగా తిట్టేది నిర్లక్ష్యాన్నే. 2003లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం వేరే సంగతి బయటపెట్టింది. ఒంట్లో వస్తువులు మిగిలిపోయిన 54 మంది రికార్డులు తిరగేస్తే, వాడిన గుడ్డలు, పనిముట్లు లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతం చోట్ల లెక్క సరిపోయిందనే అనుకున్నారు. అదెలా సాధ్యం? ఐదు మాప్‌లు, అంటే ఆపరేషన్‌లో రక్తం తుడిచే గుడ్డలు, ఉండాల్సిన కట్టలో పొరపాటున ఆరు వచ్చాయనుకోండి. మొదట్లో విప్పి లెక్కపెట్టకుండా ఐదని రాసుకుంటే, చివర్లో ఐదు దొరగ్గానే లెక్క కుదిరిపోతుంది. ఆరోది లోపలే. అత్యవసర ఆపరేషన్లలో ఈ ముప్పు దాదాపు తొమ్మిది రెట్లని అదే అధ్యయనం తేల్చింది.

జ్ఞాపకం మీద భారం వేయొద్దన్న పాఠం విమానాల దగ్గర మొదలైంది. 1935 అక్టోబరు 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 పైకి లేస్తూనే ముక్కెత్తి కూలిపోయింది. నిలిపి ఉంచినప్పుడు తోక భాగాలు గాలికి కొట్టుకోకుండా వేసే లాక్ తీయలేదు. నడిపిన మేజర్ ప్లాయర్ హిల్ కొత్తవాడేం కాదు. అంతటివాడే మరిచాక, శిక్షణ పెంచితే సరిపోదని అర్థమైంది. టేకాఫ్‌కు ముందు ఒకటి, ల్యాండింగ్‌కు ముందు ఒకటి చొప్పున చదువుతూ చేసే చెక్‌లిస్టులు రాశారు. ఆ మోడలే తర్వాత బి-17 బాంబర్ విమానం అయింది.

ఆపరేషన్ థియేటర్‌కు ఈ పద్ధతి పూర్తిగా చేరడానికి డెబ్బై ఏళ్లు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన జాబితాలో 19 అంశాలు. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని బయటికి తీసుకెళ్లే ముందు మూడుసార్లు ఆగి సరిచూసుకోవాలి. పేరు, ఆపరేషన్ చేసే చోటు, అలర్జీలు, గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా, అర లీటరుకు మించి రక్తం పోయే అవకాశముందా, చివర్లో గుడ్డలు, సూదుల లెక్క. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి, ఇతర సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు.

మరణాలు సగానికి పడ్డాయన్న మాటే అందరికీ గుర్తుండిపోయింది. అది ముందూ వెనకా పోలిక మాత్రమే, పక్కన జాబితా వాడని బృందం లేదు. ఒకరు గమనిస్తున్నారని తెలిస్తే మామూలుగానే జాగ్రత్త పెరుగుతుంది. 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా ఆపరేషన్లు చూస్తే మరణాలు 0.71 నుంచి 0.65 శాతానికే తగ్గాయి, కాకతాళీయమని కొట్టిపారేయగలిగినంత తేడా. ఇదీ ముందూ వెనకా పోలికే కాబట్టి తుది తీర్పనుకోనక్కర్లేదు. అంతకన్నా గట్టి పరీక్ష ఉత్తరప్రదేశ్‌లో జరిగింది, అయితే అది కాన్పుల జాబితా మీద. 120 కేంద్రాలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. రెండు నెలలకు జాబితా ఉన్నచోట చేయాల్సిన పనుల్లో 73 శాతం చేస్తున్నారు, లేనిచోట 42. తల్లీబిడ్డల మరణాలు, తల్లుల తీవ్ర సమస్యలు కలిపితే మాత్రం 15.1, 15.3 శాతం. దాదాపు సమానం.

జాబితా దండగని దీనర్థం కాదు. కానీ కోత పడకముందే గళ్లన్నీ టిక్ పెట్టేసిన కాగితం ఎవరినీ కాపాడదు. థియేటర్‌లో చూడాల్సింది ఇంకోటి: ప్రతి మాప్‌నూ విడదీసి, ఇద్దరు కలిసి పైకి లెక్కపెడుతున్నారా? తేడా ఉన్న కట్టను వాడకుండా పక్కన పెడుతున్నారా? మాప్‌లలో ఎక్స్‌రేకు కనబడే దారం ఉందా? కడుపు మూసే ముందొకసారి, చర్మం కుట్టేటప్పుడొకసారి లెక్క చూడాలి. తేలకపోతే రోగి బల్ల మీద ఉండగానే ఎక్స్‌రే తీయాలి.