ఉత్తరాల బండి అంత చుట్టు ఎందుకు తిరిగింది?

2023 జనవరిలో అమెరికా ప్రభుత్వం, ఒకప్పుడు గుర్రబ్బండ్ల మీద టపా నడిచిన బటర్‌ఫీల్డ్ ఓవర్‌ల్యాండ్ దారిని జాతీయ చారిత్రక మార్గంగా గుర్తించింది. మ్యాప్ చూడగానే ఎవరికైనా వచ్చే డౌటు ఒకటే. సెయింట్ లూయిస్‌లో బయల్దేరి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాల్సిన బండి టెక్సాస్ దాకా కిందికి ఎందుకు దిగింది? ఎద్దు మెడ కింద కాడికి కట్టే వంపు కర్రలా ఉందని అప్పట్లోనే దానికి ‘ఆక్స్‌బో’ దారి అని పేరు పెట్టారు.

1848లో బంగారం బయటపడ్డాక కాలిఫోర్నియాకి జనం ఎగబడ్డారు గానీ ఉత్తరాలు ఓడెక్కి, పనామా దగ్గర నేల దాటి, మళ్లీ ఇంకో ఓడెక్కి వచ్చేవి. నేల మీద టపా కావాలని అక్కడివాళ్లు గోల చేయగా చేయగా 1857లో జాన్ బటర్‌ఫీల్డ్‌కి కాంట్రాక్టు ఇచ్చారు: ఏడాదికి 6 లక్షల డాలర్లు, వారానికి రెండు ట్రిప్పులు, 25 రోజుల్లో చేర్చాలి. దారి మాత్రం పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆరన్ బ్రౌన్ తేల్చాడు. ఉత్తరాన మంచుకి దారులు మూసుకుపోతాయన్నాడు, అది నిజమే. కానీ ఆయనది టెనెసీ, దారికి తూర్పున ఉన్న రెండు కొసల్లో ఒకటి మెంఫిస్, అదీ టెనెసీలోనే!

1858 సెప్టెంబర్ 16న మొదటి టపా కదిలింది. దాదాపు 4,500 కిలోమీటర్లు. ఆ ట్రిప్పులో చివరిదాకా కూర్చున్న ప్రయాణికుడు ఒక్కడే, న్యూయార్క్ హెరాల్డ్ విలేఖరి వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ. అక్టోబర్ 10న దిగాడు. పడమటికి టికెట్ 200 డాలర్లు, అయినా రాత్రి బస అనేదే లేదు. గుర్రాలు మార్చడానికి, నాలుగు మెతుకులు తినడానికి ఆగడం, మళ్లీ పరుగు. గతుకుల నేల వస్తే గుర్రాల బదులు కంచర గాడిదలు, బరువు కోచ్ బదులు గుడ్డ కప్పిన తేలిక బండి. బండి పెట్టె మందపాటి తోలు పట్టీల మీద ఊగేది. సీట్లు వాలిస్తే అదే పడక, ఎంతమందికి సరిపోతుందన్నది వాళ్లు సర్దుకునేదాన్ని బట్టి!

అసలు తంటా నీళ్లది. ఎడారిలో స్టేషన్ పెట్టాలంటే ఊట దగ్గరే పెట్టాలి, ఆ ఊటలు అప్పటికే అక్కడి ఆదివాసులైన అపాచీలవి. అరిజోనాలోని అపాచీ పాస్ స్టేషన్ దగ్గరే 1861 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం లెఫ్టినెంట్ బాస్కమ్, అపాచీల్లో చిరికావా తెగ నాయకుడు కొచీస్‌ని మాటలకని పిలిచి, అతను చేయని కిడ్నాప్ అంటగట్టి పట్టుకోబోయాడు. కొచీస్ గుడారం కోసుకుని తప్పించుకున్నాడు. ఇరువైపులా బందీలని చంపుకున్నారు, పగ ఏళ్ల తరబడి సాగింది.

మరుసటి నెలలోనే, అంతర్యుద్ధం ముంచుకొస్తోందని, దక్షిణాది టపాని ఆపి మధ్య దారికి మార్చారు. అందరికీ గుర్తున్న పోనీ ఎక్స్‌ప్రెస్, అంటే రౌతులు గుర్రాలు మారుస్తూ ఉత్తరాలు మోసిన టపా, నడిచింది ఆ మధ్య దారినే, అదీ ఏడాదిన్నరే. 1861 అక్టోబర్‌లో టెలిగ్రాఫ్ తీగ కలవగానే మూతపడింది. 1869లో తూర్పు నుంచి పడమటికి రైలు దారీ కలిసింది.

అపాచీ పాస్‌లో బండ్లు ఆగిపోయినా ఊట కోసం తగువు ఆగలేదు, 1862లో సైన్యం దాని పక్కనే ఫోర్ట్ బోవీ కట్టింది. ఇప్పుడు అక్కడికి నడిచి వెళ్తే దారిలో ఆ పాత స్టేషన్ శిథిలాలు కనిపిస్తాయి.