ఎలుక కాలిలో మనిషి కండ: అపోహలు - వాస్తవాలు

కండ జబ్బులను, వాటి మందులను మనిషి పోగు మీదే చూసేందుకు రోగి కండ ముక్కను ఎలుక కాలిలో నాటి పెంచుతారు. దాని చుట్టూ ఉన్న అపోహలు ఇవి.

అపోహ: కండ ముక్కను ఎలుకలో నాటితే ఆ ముక్కే బతికి పెరుగుతుంది.

నల్లగొండ బత్తాయి రైతుకు అంటు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. రంగపూర్ నిమ్మ మొదలుకు సాత్‌గూడి కన్ను కడితే ఆ కన్నే చిగురేసి చెట్టవుతుంది. కండ అంటు దీనికి తిరగబడ్డ కథ. నాటిన ముక్కకు మొదటి రోజుల్లో నెత్తురు అందదు కాబట్టి అందులోని కండ పోగులు దాదాపు అన్నీ చచ్చిపోతాయి. పోగు పొరకూ దాని మీది తొడుగుకూ మధ్య నక్కి ఉండే శాటిలైట్ కణాలు మాత్రం తట్టుకుంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండలో చూసి పేరు పెట్టింది వీటికే. చచ్చిన పోగులను ఎలుక మాక్రోఫేజ్‌లు తిని ఊడ్చేస్తాయి. మిగిలిన ఖాళీ తొడుగుల్లో శాటిలైట్ కణాలు విభజన చెంది, ఒకదానితో ఒకటి కలిసి కొత్త పోగులు కడతాయి. లోపలికి పాకే రక్తనాళాలు ఎలుకవి, వచ్చి అతుక్కునే నరం ఎలుకది, పోగు మాత్రం మనిషిది.

పని జరిగే తీరు ఇది. రోగి నుంచి కోసి తీసిన బయాప్సీ ముక్కను చల్లటి పోషక ద్రవంలో తెచ్చి, పోగుల పొడవునే కోసి, సుమారు 7 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందంతో ముక్కలు చేస్తారు. ఎలుకకు మత్తిచ్చి, టిబియాలిస్ ఆంటీరియర్ అనే, మోకాలి కింద ముందువైపు ఉండే కండనూ దాని పక్కనున్న వేళ్లు చాచే కండనూ తీసేస్తారు. ఆ ఖాళీలో ముక్కను పెట్టి, రెండు కొసలనూ పక్కనున్న పెరోనియస్ లాంగస్ అనే కండ స్నాయువుకు కుడతారు. నొప్పి మందు ఇవ్వాల్సిందే. 4 నుంచి 6 నెలలు ఆగి అంటును బయటికి తీస్తారు. ముందే తీస్తే దొరికేవి పసి పోగులే, పెద్దవాళ్ల రోగాన్ని వాటిలో వెతకడం దండగ.

చెడేది కూడా ఇక్కడే. ముక్క మందమైతే కొత్త రక్తనాళాలు నడుమకు చేరేలోపే అక్కడి కణాలు పోయి మచ్చకణజాలం మిగులుతుంది. పోగులకు అడ్డంగా కోస్తే తొడుగులు తెగిపోతాయి, కొత్త పోగులకు దారి ఉండదు. కుట్టు వదిలితే అంటుకు లాగుడు ఉండదు, ముడుచుకుపోతుంది. ఎలుక పాత కండ కాస్త మిగిల్చినా అది తిరిగి పెరిగి మనిషి పోగుల్లో కలుస్తుంది. అన్నిటికంటే పెద్ద తప్పు బయాప్సీ దగ్గరే జరుగుతుంది: కొవ్వు పట్టిపోయిన కండను తెస్తే అందులో మొలిచేందుకు కణాలే ఉండవు. అందుకే ముందు ఎంఆర్ఐ చూసి, రోగం ఉండి ఇంకా కండ మిగిలిన చోటు ఎంచుకోవడం మేలు.

అపోహ: ఏ తెల్ల ఎలుకైనా సరిపోతుంది.

మామూలు ఎలుక ఆ ముక్కను తిప్పికొడుతుంది. న్యూడ్ అనే రకం ఎలుకలో రోగనిరోధక కణాల్లో టీ కణాలు లేకున్నా బీ కణాలు, ఎన్‌కే కణాలు ఉంటాయి. రాగ్1, ఐఎల్2 రిసెప్టర్ గామా జీన్లు రెండూ లేని ఎన్‌ఆర్‌జీ రకంలో ఈ మూడూ ఉండవు. ముక్కకు బదులు మయోబ్లాస్ట్‌లనే, పోగులు కట్టే మనిషి కణాలను సూదితో ఎక్కించే పద్ధతి ఒకటుంది. అందులో ముందు ఎలుక సొంత శాటిలైట్ కణాలు లేవకుండా కాలికి ఎక్స్‌రే కొడతారు, తర్వాత కార్డియోటాక్సిన్‌తో పాత పోగులను చంపుతారు. ఇక్కడ స్కిడ్ అనే, రోగనిరోధక శక్తి లోపించిన ఇంకో రకం ఎలుకలు తీసుకుంటే ఇబ్బంది, వాటిలో తెగిన డీఎన్ఏను అతికే ఏర్పాటే లోపించింది, రేడియేషన్‌కు తట్టుకోవు. రాగ్1 లోపం ఉన్నవి తట్టుకుంటాయి. ఎక్కించిన కణాలను అలా వదిలేయకుండా నరానికి విడతలు విడతలుగా కరెంటు ఉద్దీపన ఇస్తే పోగులు ఇంకా బాగా ముదురుతాయి.

అపోహ: మందుల పరీక్షలన్నీ రోగపు ఎలుకల్లోనే చేయొచ్చు, మనిషి కండ ఎందుకు?

ఎఫ్ఎస్‌హెచ్‌డీ అనే ముఖం, భుజాల కండరక్షయాన్ని చూడండి. నాలుగో క్రోమోజోమ్ కొసన మళ్లీ మళ్లీ వచ్చే డీ4జెడ్4 అనే వరుస మామూలుగా 11 సార్లు లేదా అంతకు మించి ఉండాలి, ఈ రోగంలో 1 నుంచి 10కి తగ్గుతుంది. దాంతో నిద్రపోవాల్సిన డక్స్4 జీన్ లేస్తుంది. ఆ జీన్ మనిషి, కోతి జాతులదే, ఎలుకకు లేదు. లేని జీన్ రోగాన్ని ఎలుకలో ఎక్కడ వెతుకుతాం? డుషేన్ అంటే డిస్ట్రోఫిన్ అనే కండ ప్రొటీన్ లేక మగపిల్లలకు వచ్చే కండరక్షయం; దానికి అదే ప్రొటీన్ లోపించిన ఎమ్‌డీఎక్స్ ఎలుక ఉంది గానీ దాని జబ్బు పిల్లలంత తీవ్రంగా ఉండదు.

అపోహ: మైక్రోస్కోప్ కింద డిస్ట్రోఫిన్ రంగు మెరిసిందంటే అది మనిషి పోగే.

కానక్కర్లేదు. ఎమ్‌డీఎక్స్ ఎలుకలో కూడా అక్కడక్కడ తనంత తానే డిస్ట్రోఫిన్ తెచ్చుకున్న పోగులు కనిపిస్తాయి. పైగా మనిషి కణాలు, ఎలుక కణాలు కలిసి ఒకే పోగు కట్టగలవు. అందుకే మనిషి లామిన్ ఏ/సీని మాత్రమే పట్టే యాంటీబాడీతో కేంద్రకాలు, మనిషి స్పెక్ట్రిన్‌ను పట్టే దానితో పోగు పొర, రెండూ ఒకే కోతలో చూపించాలి. ఒక్క రంగుతో తేల్చిన ఫొటోను మేం నమ్మం.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు పడిపోయినోళ్ల కండను కూడా ఇట్లా నాటి చూడొచ్చు.

మునుగోడు, మర్రిగూడ వైపు కాళ్లు చచ్చుబడ్డయంటే ముందుగా తలకెక్కేది ఫ్లోరోసిసే. అది ఎముకల, స్నాయువుల జబ్బు. వెన్నుపూసలు, లిగమెంట్లు గట్టిపడి వెన్నుపామును నొక్కితే కాళ్లు బిగుస్తాయి. ఆ మనిషి కండను ఎలుకలో నాటితే శుభ్రమైన పోగులే మొలవాలి, ఎందుకంటే లోపం కండ కణంలో లేదు. అంటుతో పాటు ముఖ్యంగా వచ్చేది శాటిలైట్ కణం మోసుకొచ్చే లోపమే. నీళ్లు, వెన్నుపాము, ఎక్కడో చెడ్డ నరం దానితో రావు. మూడునాలుగేళ్ల పిల్లాడు తొడల మీద చేతులు ఆన్చి లేస్తుంటే, పిక్కలు లావుగా ఉంటే మాత్రం నీళ్ల మీద తోసేయకుండా సీపీకే అనే రక్త పరీక్ష చేయించాలి. డుషేన్‌లో అది మామూలు కంటే పదుల రెట్లు ఉంటుంది.

లోపం కండలో ఉందా, బయట ఉందా అనే ఈ తేడానే ఇంక్లూజన్ బాడీ మయోసైటిస్ అనే కండ వాపు జబ్బులో వాడుకున్నారు. 2022లో వచ్చిన పరిశోధనలో రోగుల కండ ముక్కతో పాటు టీ కణాలు కూడా ఎలుకలోకి వచ్చి చేరాయి. మందుతో వాటిని తీసేసినా పోగుల్లో అంచు గీసినట్టుండే బుడగలు, టీడీపీ-43 అనే ప్రొటీన్ పనిలో లోపం అలాగే ఉన్నాయి. టీ కణాలను ఆపితే చాలు అనుకున్నవాళ్లకు అది మింగుడుపడని ఫలితం.

అపోహ: పది ఎలుకల్లో నాటితే పది మంది రోగులను చూసినట్టే.

ఒకరి బయాప్సీ పది ఎలుకల్లో ఉన్నా మనిషి ఒక్కడే. లెక్క మనుషులతో మొదలవ్వాలి. మన దేశంలో దీనికి కండ ఇచ్చినవారి లిఖిత సమ్మతి, మనుషుల పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి, ఎలుకలకు సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి మూడూ కావాలి.

అపోహ: ఎలుకలో పెరిగిన కండను తీసి పిల్లాడికి పెడతారు.

పెట్టరు. ఆ కండలో ఎలుక నాళాలు, ఎలుక నరాలు ఉంటాయి, పరిమాణం గోరంత. రోగి కండ నుంచి వచ్చింది కాబట్టి రోగపు జీన్ కూడా అందులోనే ఉంటుంది. ఇది మందును మనిషి పోగు మీద ముందుగా వేసి చూసే చోటు, అంతే. దీన్ని చూపించి స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కు లక్షలు అడిగేవారుంటే ఒక్క మాట అడగండి: ట్రయల్ నమోదు సంఖ్య ఏది? 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తకణాల మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకం ట్రయల్‌లోనే జరగాలి, ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు.