సైన్యాన్ని ఏమని అడగాలి?

2020 ఆగస్టు 20 సాయంత్రం చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర ఒక పాల డెయిరీలో అమ్మోనియా లీకైంది. ఇరవై మంది దాకా కార్మికులు, వారిలో ఎక్కువమంది మహిళలు, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యారు. పాలను చల్లబరచడానికి అమ్మోనియా వాడడం కొత్తేమీ కాదు. డెయిరీలూ శీతల గిడ్డంగులూ ఉన్నంతకాలం ఆ వాయువు మన ఊళ్ల మధ్యనే ఉంటుంది. ఆ సాయంత్రం సైన్యం అవసరం రాలేదు. స్థానిక సిబ్బంది, అంబులెన్సులు, చిత్తూరు, తిరుపతి ఆసుపత్రులే ఆ ఆపదను ఎదుర్కొన్నాయి. కానీ లీకు అంతకు పదింతలు పెద్దదై, గాలి ఊరివైపు వీచి ఉంటే, సైన్యాన్ని పిలవమనే మాట ఎవరో ఒకరి నోట రాక మానదు. ఆ మాట తర్వాత రావలసిన ప్రశ్న ఒకటుంది: పిలిచి, ఏమని అడగాలి?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. త్రివిధ దళాలను సహాయానికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. అయితే దళాలు వచ్చినంత మాత్రాన జిల్లా వారి చేతికి పోదు. ఏ ఊరిని ఖాళీ చేయించాలి, ఎవరిని ఎక్కడ ఉంచాలి, ఏ దారి మూయాలి అనే నిర్ణయాలు పౌర యంత్రాంగానివే. జవాన్లు ఆ నిర్ణయాలను అమలు చేయడానికి తోడ్పడతారు. అందుకే కలెక్టరు కార్యాలయం నుంచి వెళ్లే కోరికలో ఎంతమంది జవాన్లు కావాలో కాక, ఏ పని జరగాలో ఉండాలి. ఆ పనికి ఎందరు, ఏ పరికరాలతో రావాలో లెక్క వేయడం దళాధిపతికి తెలిసిన విద్య.

ఈ తేడా విశాఖపట్నంలో కళ్లకు కట్టింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలోని నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది మరణించారు. స్టైరీన్ తనంతట తాను గొలుసుకట్టుగా అతుక్కుని పాలిమరుగా మారే ద్రవం. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. దాన్ని అదుపులో ఉంచడానికి టెర్షరీ బ్యూటైల్ కేటికాల్ అనే నిరోధకం కలుపుతారు. నిరోధకం తగ్గిపోయి, ట్యాంకు వేడెక్కి, ప్రమాదం ముంచుకొచ్చింది. ఊళ్లు ఖాళీ చేయించాక కూడా ట్యాంకులో చర్య ఆగితేనే ముప్పు తీరుతుంది. ఆ నిరోధకం, దానితోపాటు మరికొన్ని రసాయనాలు గుజరాత్‌లోని ముంద్రా నుంచి రావలసి వచ్చింది. వైమానిక దళం రెండు ఏఎన్-32 విమానాలలో సుమారు 8.3 టన్నుల సరుకును విశాఖకు చేర్చింది. నౌకాదళం కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఆక్సిజన్ పంపిణీ పరికరాలను అందించింది; ఒకే సిలిండరు నుంచి ఆరుగురికి ఒకేసారి ప్రాణవాయువు ఇవ్వగల ఏర్పాటు అది, కోవిడ్ కోసం విశాఖ నౌకాదళ డాక్‌యార్డులోనే రూపొందింది. పుణె నుంచి జాతీయ విపత్తు స్పందన దళానికి చెందిన రసాయన నిపుణులు విమానంలో వచ్చారు. వీటిలో ఏదీ తుపాకులతో జరిగిన పని కాదు. ఎక్కడో ఉన్న వస్తువును కొన్ని గంటల్లో కావలసిన చోటికి చేర్చడం, విషం మధ్యకు వెళ్లి పని చేయగల మనుషులను రప్పించడం, ఈ రెండింటిలోనే అక్కడ దళాల విలువ ఉంది.

ఇక మన ఇంటి సంగతి. తిరుపతికి దగ్గరలో, తమిళనాడు సరిహద్దు దాటగానే, అరక్కోణంలో జాతీయ విపత్తు స్పందన దళం నాలుగో బెటాలియన్ ఉంది. రేణిగుంట నుంచి రైలు మార్గంలో అది డెబ్భై కిలోమీటర్ల లోపే. ఆ పక్కనే నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలి ఉంది. మన రాష్ట్రానికి చెందిన పదో బెటాలియన్ విజయవాడ సమీపంలోని కొండపావులూరులో ఉంది కనుక, దూరాన్ని బట్టి చూస్తే మనకు పొరుగు రాష్ట్రంలోని దళమే చుట్టం. ఈ దళం సైన్యం కాదు. సరిహద్దు భద్రతా దళం, పారిశ్రామిక భద్రతా దళం వంటి సాయుధ బలగాల నుంచి వచ్చిన సిబ్బందితో ఏర్పడినది. విష వాయువుల్లోకి, అణుధార్మికత ఉన్న చోటికి వెళ్లేందుకు దీనికి ప్రత్యేక శిక్షణ ఉంది.

ఒక బృందంలో సుమారు 45 మంది ఉంటారు. నలభై ఐదుగురూ ఒకేసారి విషంలోకి దిగుతారని అనుకుంటే పొరపాటు. గాలి చొరబడని రక్షణ దుస్తుల్లో, వీపున గాలి సిలిండరుతో ఇద్దరిద్దరుగా లోపలికి వెళతారు. సిలిండరులోని గాలి అరగంట, ముప్పావుగంటకు మించి రాదు. లోపలివారికి ఏదైనా అయితే రక్షించడానికి మరో ఇద్దరు అవే దుస్తుల్లో సిద్ధంగా నిలబడాలి. బయటికి వచ్చినవారి దుస్తులను కడగడానికి కొందరు, గాలి దిశను, వాయువు సాంద్రతను కొలవడానికి కొందరు, వైద్యానికి కొందరు కావాలి. పైగా మే నెలలో నలభై డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో ఆ దుస్తుల లోపల శరీరం తన వేడిని బయటికి పంపలేదు. విషం అంటకపోయినా వడదెబ్బ తగలవచ్చు. తలలు లెక్కపెట్టి సహాయం అడగడం ఎందుకు తప్పో ఈ ఒక్క లెక్క చాలు.

అడిగే ముందు, లీకైనది ఏమిటో తెలిసి ఉండాలి. నీటిశుద్ధికి వాడే క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు. అది నేలను అంటిపెట్టుకుని పల్లానికి పారుతుంది కనుక మేడ పైకి వెళ్లడం మేలు. అమ్మోనియా గాలికంటే తేలిక అయినా, ఒత్తిడిలో ఉన్న ద్రవం ఒక్కసారిగా బయటపడినప్పుడు చల్లని పొగమంచులా మారి మొదట నేల మీదే పరుచుకుంటుంది. దాని మేఘంపై నీటి తెర చిమ్మితే చాలావరకు కరిగిపోతుంది; నేల మీద మడుగు కట్టిన ద్రవం పైనే నీళ్లు కొడితే మాత్రం వేడి తగిలి ఇంకా ఎక్కువ ఆవిరవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడినప్పుడు శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడినుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ రెండో దశలో ఇంధనాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ 21 డిగ్రీలకే మరిగి ఎర్రటి గోధుమరంగు ఆవిరి అవుతుంది. దాన్ని పీల్చినవాడు మొదట బాగానే ఉన్నట్టు కనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాపాయంలో పడవచ్చు. అంతరిక్ష కేంద్రానికి సొంత భద్రతా ఏర్పాట్లు ఉన్నాయి. అయినా సూళ్లూరుపేటలో పనిచేసే వైద్యుడికి ఈ ఒక్క విషయం తెలిసి ఉండడం, ఒక పటాలం రావడం కన్నా ముందుగా ఉపయోగపడుతుంది.

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ అనే విష రసాయనాన్ని వదిలినప్పుడు జపాన్ ఆత్మరక్షణ దళాల రసాయన విభాగాలు వచ్చి రైలు పెట్టెలను, స్టేషన్లను శుద్ధి చేశాయి. ఆ పని మరెవరికీ సాధ్యం కాదు. కానీ వారు రాకముందే బాధితులు ఆసుపత్రులకు చేరిపోయారు. అంబులెన్సుల్లో వెళ్లినవారు 688 మంది. నడిచి, టాక్సీల్లో, దారిన పోయే వాహనాల్లో వెళ్లినవారు నాలుగు వేలకు పైగా. తొలుత అది అసిటోనైట్రైల్ అనే వేరే రసాయనం అనుకున్నారు. సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్క రోజే 640 మంది వచ్చారు. వారిని బయట కడగకుండా, బట్టలు మార్చకుండా నేరుగా లోపలికి తీసుకోవడంతో, బట్టల నుంచి వెలువడిన ఆవిరికి సిబ్బందిలో ఇంచుమించు నాలుగోవంతు మందికి లక్షణాలు కనిపించాయి. మన ప్రాంతంలో పెద్ద ప్రమాదం జరిగితే జనం ఎక్కడికి పరుగెత్తుతారో అందరికీ తెలుసు. తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రుల గుమ్మాల ముందుకే. వారు ఆటోల్లో, మోటారు సైకిళ్ల మీద గంట లోపే వస్తారు. ఆ గుమ్మం బయట కొళాయి, నీటి గొట్టం, ఆడవారికి చాటు, మార్చుకోవడానికి బట్టలు, విడిచిన బట్టలు మూటకట్టడానికి సంచులు ఉండాలి. ఒంటి మీది విషంలో అధిక భాగం బట్టలు విప్పడంతోనే పోతుంది. ఈ ఏర్పాటుకు సైన్యం అక్కర్లేదు. సైన్యం రావడానికి ముందే ఉండి తీరాలి.

తిరుపతికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఇక్కడ ఏ రోజైనా ఊళ్లో ఉన్న జనంలో పెద్ద భాగం ఊరివారు కారు. కొండ మీదికి రోజూ అరవై, డెబ్భై వేల మంది భక్తులు వస్తారు. ఈ రాత్రి క్యూలో నిలబడినవారు రేపు ఉదయానికి చెన్నైలో, బెంగళూరులో, షోలాపూరులో ఉంటారు. వాయువు లీకైతే ఇది రవాణా సమస్య: ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటిగా రెండు ఘాట్ రోడ్లు, రెండు కాలిబాటలు. అదే సూక్ష్మజీవులో, అణుధార్మిక పదార్థమో అయితే, బాధితులు దొరకకపోవడమే అసలు సమస్య. బ్రెజిల్‌లోని గోయానియాలో 1987లో పాడుబడిన చికిత్సాలయం నుంచి పాత సామాను ఏరుకునేవారు సీసియం-137 ఉన్న యంత్రభాగాన్ని ఎత్తుకుపోయి పగలగొట్టారు. నలుగురు మరణించారు. భయపడిన జనాన్ని స్టేడియంలో వరుసలో నిలబెట్టి 1,12,000 మందికి పైగా పరీక్షించగా, పదార్థం అంటినవారు 249 మందే తేలారు. ఢిల్లీలోని మాయాపురిలో 2010లో పాత ఇనుము దుకాణంలోకి చేరిన కోబాల్ట్-60 ఒకరి ప్రాణం తీసింది. అణుధార్మిక ప్రమాదమంటే అణు విద్యుత్ కేంద్రమే గుర్తుకు రానక్కర్లేదు, ఇనుప సామాను కొట్టు కూడా చాలు. అలాంటి రోజున దళాల నుంచి కోరవలసింది వేలమందిని త్వరగా కొలవగల పరికరాలు, వాటిని చదవగల మనుషులు. దర్శనం టికెట్ల, గదుల, రైలు రిజర్వేషన్ల జాబితాలను కలిపి చూసి ఎవరు ఎక్కడికి వెళ్లారో తేల్చే పని మాత్రం పౌర యంత్రాంగానిదే.

సూక్ష్మజీవుల విషయంలో మనకు చేదు అనుభవమే ఉంది. 2021 మే 10 రాత్రి తిరుపతిలోని ఒక పెద్ద ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యంగా చేరి పదకొండు మంది కోవిడ్ రోగులు మరణించారు. ఆ వారాల్లోనే వైమానిక దళం దేశమంతటా ఆక్సిజన్ ట్యాంకర్లను మోసింది. అయితే అవి ఖాళీ ట్యాంకర్లు. ద్రవ ఆక్సిజన్ ఎప్పుడూ కొంత ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి నిండు ట్యాంకరును విమానంలో ఎక్కించడం ప్రమాదం. ఖాళీగా నింపే చోటికి ఎగురవేసి, నిండాక రోడ్డు మీదో రైలు మీదో తెచ్చేవారు. మిగిలిన దారిలో ఏ గంట ఆలస్యమైనా దాన్ని విమానం తిరిగి తెచ్చిపెట్టలేదు.

ఇంకొక మాట. పిలిచేవారు జవాను శరీరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1986లో చెర్నోబిల్ రియాక్టరు పైకప్పు మీద పడిన గ్రాఫైట్ ముక్కలను తొలగించడానికి తెచ్చిన యంత్రాలు అణుధార్మికతకు పాడైపోతే, 3,828 మంది సైనికులను పారలిచ్చి పైకి పంపారు. కొందరు అక్కడ నిలిచింది ఒకటి రెండు నిమిషాలే. మన దేశంలో అణు కేంద్రాల సిబ్బందికి అయిదేళ్ల సగటుగా ఏడాదికి అనుమతించేది 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన అణుధార్మికతను కొలిచే ప్రమాణం). అప్పట్లో చెర్నోబిల్‌లో ఆ సైనికులకు విధించిన పరిమితి 250 మిల్లీసీవర్టులు. అంతటి పని అడిగేముందు, అది నిజంగా ఈ గంటలోనే జరగాలా, రెండు రోజులు ఆగితే ప్రమాదం దానంతట తగ్గుతుందా అని నిపుణుడిని అడగడం పిలిచేవారి బాధ్యత.

అమెరికాలో ఇలాంటి ప్రమాదాల కోసమే రాష్ట్రాల నేషనల్ గార్డ్ అనే సైనిక బలగంలో చిన్న బృందాలు ఉన్నాయి. ఒక్కో బృందంలో ఉండేది 22 మందే. వారు ప్రమాదస్థలంలో పెత్తనం చేయరు. వాయువో, క్రిమో, ధార్మిక పదార్థమో గుర్తించి, దాని తీవ్రతను అంచనా కట్టి, స్థానిక అధికారికి సలహా చెబుతారు. ఇంత చిన్న బృందం ఇంత పనికి వస్తుందంటే, అక్కడి అగ్నిమాపక కేంద్రాలు, ఆసుపత్రులు ఆ సలహాను అందుకుని అమలు చేయగల స్థితిలో ఉండడం వల్లనే.

చివరకు దళాలు వెనుదిరిగే రోజు వస్తుంది. విశాఖలో ఊరు విడిచినవారికి ఎప్పుడు ఇంటికి వెళ్లవచ్చన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అయింది. గాలిలో ఎంత మిగిలిందో జవాను కొలిచి చెప్పగలడు. బావి నీళ్లు తాగవచ్చా, గేదెకు ఆ గడ్డి వేయవచ్చా, పిల్లవాడిని ఆ గదిలో పడుకోబెట్టవచ్చా అన్నది ప్రజారోగ్య, పశువైద్య, వ్యవసాయ శాఖలు పరీక్షించి రాతపూర్వకంగా చెప్పాలి. బండపల్లి వంటి ఊరిలో ఆ కాగితం చేతికి వచ్చి, ఎవరో చదివి వినిపించేదాకా జనం ఇళ్ల తలుపులు తీయరు.