నవలలో ఏ ఘట్టం ఉండాలి, ఏది పోవాలి: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తగా నవల రాస్తున్నవాళ్లు తమ చిత్తుప్రతులు నాకు చూపిస్తుంటారు. రాసినన్నాళ్లూ హుషారుగా ఉన్నవాళ్లే, ఒక ఘట్టం తీసేయాలనేసరికి బిగుసుకుపోతారు. అప్పుడు చెప్పే కారణాలు దాదాపు అందరివీ ఒకటే.

అపోహ: ఇది నిజంగా జరిగింది, తీయడానికి వీల్లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ ప్రాంతం మీద రాసే నవలల్లో ఆ రాత్రి ఎలాగైనా వచ్చి తీరుతుంది. ఎగిరిపోయిన రేకులు, చెట్లు విరిగే చప్పుడు, చంటిబిడ్డతో గోడ మూలన నక్కిన తల్లి. అన్నీ నిజమే, చాలావరకు రాసినవాళ్లు కళ్లారా చూసినవే. కానీ పుటలు గడుస్తున్నా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. గాలి వీస్తుంది, మనుషులు భరిస్తారు, అంతే.

వాస్తవం: నిజమైనంత మాత్రాన ఘట్టానికి చోటు దక్కదు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోట పోయిన రైతు మళ్లీ మొక్కలు నాటుదామంటాడా, కొడుకును వలస పంపుతాడా? నవల మలుపు తిరిగేది ఆ మర్నాటి ఉదయం. దానికి పుటలు ధారాళంగా ఇవ్వండి, తుపాను రాత్రికి ఒక పేరా చాలు. అయితే ఆ రాత్రే ఆ తల్లి, పక్కింటివాళ్లు తలుపు బాదుతున్నా గడియ తీయలేదనుకోండి. అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది. ఒక్క పుట కూడా తగ్గించవద్దంటాను.

అపోహ: ఏమీ జరగని ఘట్టం దండగ.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పలాస జీడిపప్పు కార్ఖానా నేపథ్యంగా రాసిన ఒక చిత్తుప్రతిలో ఇద్దరు ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం తినే ఘట్టం ఉంది. జీడిపిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. వేళ్లు పొక్కిన ఆమె గిన్నెలో పచ్చడి మెతుకులు. కలుపుకోబోయి మంటకు చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. రెండో ఆమె మాటైనా అనకుండా తన పెరుగన్నం అటు జరిపి, ఆ గిన్నె తను తీసుకుంటుంది. తర్వాత ఇద్దరూ మాట్లాడుకునేది సాయంత్రం బస్సు గురించి. కథ నడవడం లేదు, తీసేస్తానన్నారు రచయిత్రి. వద్దన్నాను. చాలా పుటల తర్వాత, కూలి పెంచమని మొదటి ఆమె యజమానిని నిలదీసిన రోజున, రెండో ఆమె తల దించుకుని పిక్కలు కొట్టుకుంటూ కూర్చుంటుంది. ఆనాడు గిన్నె జరిపింది కూడా ఆ చేతులే అని తెలియకపోతే, పాఠకుడికి ఆమె పిరికి మనిషి మాత్రమే.

అందుకే ఘట్టాన్ని అది ఉన్న చోట చూసి తేల్చకూడదు. తీసి వేరే ఫైల్లో దాచి, తర్వాతి అధ్యాయాలు చదవండి. వాటిలో ఒక్కటైనా చప్పబడితే తిరిగి పెట్టేయండి. దేనికీ నష్టం లేకపోతే, ఎంత అందంగా రాసినా దాన్ని వదులుకోవలసిందే.

అపోహ: మన ప్రాంతం తెలియాలంటే సిరిమానోత్సవం ఉండాలి.

విజయనగరంలో విజయదశమి తర్వాతి మంగళవారం, సిరిమాను అనే పొడవాటి మాను మీద కూర్చున్న పూజారి పైడితల్లి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తారు. మూడుసార్లూ వర్ణించినవాళ్లున్నారు! ఆ జనంలో అప్పులవాడి కంట పడకుండా తిరుగుతున్న మీ కథానాయకుడు ఉంటే ఘట్టం ఉంచండి. లేకపోతే పర్యాటక శాఖ కరపత్రానికి పనికొస్తుంది.

అపోహ: తిరగరాయడమంటే కోతే.

గురజాడ ఊళ్లో ఈ మాట ఎలా నమ్ముతారో నాకు అర్థం కాదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ 1909 కూర్పులో బాగా పెరిగింది. అది నాటకమే అయినా సంగతి నవలకూ వర్తిస్తుంది. కొన్ని చిత్తుప్రతుల్లో అన్నదమ్ములు విడిపోయారని నాలుగు చోట్ల గుర్తుచేస్తారు, ఆ తగాదా మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ ఒక్క ఘట్టం రాస్తే నాలుగు గుర్తుచేతలూ వాటంతటవే అనవసరమైపోతాయి.

ప్రతి అధ్యాయం చివరా ఉత్కంఠ ఉండాలన్నది వారపత్రికల ధారావాహికల నాటి అలవాటు. తలుపు చప్పుడుతో అధ్యాయం ముగించి, తర్వాతి అధ్యాయంలో పాలవాణ్ని చూపిస్తే పుస్తకం చదివేవాడికి ఒళ్లు మండుతుంది. అలాంటి ముగింపులు తీసేయండి.

అపోహ: ఇంట్లోవాళ్లకు నచ్చిన ఘట్టం ఉంచవచ్చు.

ఇంట్లోవాళ్లు అన్నీ బాగున్నాయనే అంటారు, పాపం. నచ్చిందా అని అడగకండి. ఎక్కడ పక్కన పెట్టి లేచారో అడగండి. లేచిన పుట దగ్గర తప్పు వెతికితే దొరకదు. రెండు మూడు పుటలు వెనక్కి వెళ్లి చూడండి, విసుగు సాధారణంగా అక్కడే మొదలై ఉంటుంది.