సహాయకుడు రాని రోజు ఎవరి బాధ్యత?

ఉదయం ఆరింటికి మెసేజ్ వస్తుంది: "జ్వరంగా ఉంది, ఈరోజు రాలేను." వేరే ఉద్యోగంలో అయితే ఇది మామూలు సెలవు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారడానికి ఇంకొకరి చేతులు కావలసిన మనిషికి మాత్రం ఆ రోజు ఎలా గడుస్తుందో అక్కడే తేలిపోతుంది. రాత్రంతా నిండిన యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయాలి. ఒకే పక్కన ఉండిపోతే పుండ్లు పడతాయి కాబట్టి ఒళ్ళు తిప్పాలి. తర్వాత స్నానం, బట్టలు, మందులు. ఆఫీసు మాట ఆ పైన. తప్పు ఎవరిదీ కాదు, జ్వరం ఎవరికైనా వస్తుంది. కానీ ప్రత్యామ్నాయం వెతుక్కునే పని ఆ మంచం మీదున్న మనిషి నెత్తిమీదే ఎందుకు పడుతోంది?

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం ఉంది. పాతకాలపు సంరక్షణ కేంద్రాల్లో, దీర్ఘకాలిక వార్డుల్లో బ్యాకప్ ఉండేది. షిఫ్టులో ఒకరు రాకపోతే ఇంకొకరు వచ్చేవారు. బదులుగా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో, స్నానం ఎవరి చేత చేయించుకోవాలో అన్నీ వాళ్ళు చెప్పినట్టే నడిచేవి. అంటే బ్యాకప్, పెత్తనం రెండూ ఒకే చోట దొరికేవి. అక్కడికి వెళ్ళనివాళ్ళకు ఇంట్లో అమ్మో, భార్యో, అక్కో దిక్కు. ఆ అమ్మకు జబ్బు చేస్తే ఏమిటన్నది చాలా ఇళ్ళలో ఎవరూ పైకి అనని భయం.

ఈ లెక్క మార్చే ప్రయత్నం గురించి చెప్పేటప్పుడు ఎక్కువమంది కాలిఫోర్నియాలోని బర్క్‌లీతో మొదలుపెడతారు. 14 ఏళ్ళకు పోలియో వచ్చి, శ్వాస కోసం ఐరన్ లంగ్ మీద ఆధారపడ్డ ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడి యూనివర్సిటీలో చేరాడు. ఆ యంత్రం పట్టే హాస్టల్ గది లేక క్యాంపస్‌లోని కోవెల్ ఆసుపత్రిలో ఉండనిచ్చారు. తర్వాత మరికొందరు వచ్చి చేరారు. తమకు సాయం చేసేవాళ్ళను వాళ్ళే ఎంచుకున్నారు, వాళ్ళే పని నేర్పారు, కుదరకపోతే వాళ్ళే మాన్పించారు. 1970లో వికలాంగ విద్యార్థుల కోసం మొదలైన కార్యక్రమం సహాయకులను వెతికిపెట్టడం, వీల్‌చైర్ రిపేరు లాంటి పనులు చేసింది. 1972లో అదే ఆలోచనతో ఊళ్ళోవాళ్ళందరి కోసం సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ వచ్చింది. నా దృష్టిలో వీల్‌చైర్ రిపేరునూ సహాయకుడి వెతుకులాటనూ ఒకే గొడుగు కిందకు తేవడం వాళ్ళ అసలు తెలివి. రెండిట్లో ఏది ఆగిపోయినా మనిషి ఇంట్లోనే ఉండిపోతాడు.

అయితే ఆ ఆసుపత్రి అంతస్తులో అందరూ పక్కపక్కనే ఉన్నారు, పిలిస్తే పలికే మనిషి దగ్గర్లో ఉండేవాడు. ఎవరి ఫ్లాట్‌కు వాళ్ళు వెళ్ళిపోయాక ఆ సౌకర్యం పోయింది. స్వేచ్ఛ వచ్చింది, దాంతో పాటు టెన్షన్ కూడా.

స్వీడన్‌లో మధ్యేమార్గం ఒకటి వెతికారు. 1964లో ప్రొఫెసర్ స్వెన్-ఒలోఫ్ బ్రాట్‌గార్డ్ చొరవతో ఫోకస్ సంస్థ మొదలైంది. మామూలు అపార్ట్‌మెంట్లలో కొన్ని ఫ్లాట్లు వికలాంగులకు అనువుగా కట్టి, వాళ్ళందరికీ కలిపి 24 గంటలూ సిబ్బందిని పెట్టారు. బెల్ కొడితే ఎవరో ఒకరు వస్తారు. బ్యాకప్ సమస్య దాదాపు తీరినట్టే. కానీ ఎవరు వస్తారో మీ చేతిలో లేదు, ఆ భవనం దాటితే సాయమూ లేదు. 17 ఏళ్ళకు పోలియో వచ్చిన అడాల్ఫ్ రాట్జ్‌కా జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి, చదువుకునే రోజుల్లోనే సొంతంగా సహాయకులను పెట్టుకున్నవాడు. 1970ల్లో స్టాక్‌హోమ్ వచ్చిన ఆయనకు ఈ పద్ధతి రుచించలేదు. 1984లో మరికొందరితో కలిసి స్టిల్ అనే సహకార సంఘం పెట్టాడు. సాయానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు సభ్యుల పేరున సంఘానికి వస్తుంది. జీతాల లెక్కలు సంఘం చూస్తుంది. మనిషిని ఎంచుకునేది, పని చెప్పేది సభ్యుడే.

స్వీడన్ చట్టం 1994 జనవరి 1న అమల్లోకి వచ్చి వ్యక్తిగత సహాయాన్ని హక్కుగా చేసింది. చాలా దేశాలు వదిలేసిన మాట ఒకటి అందులో ఇమిడి ఉంది. రోజూ వచ్చే సహాయకుడు జబ్బు పడితే ఆ లోటు పూడ్చాల్సిన బాధ్యత స్థానిక మున్సిపాలిటీది. అమలులో గొడవలు లేవని కాదు. కనీసం ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

బ్రిటన్‌లో కథ వేరేగా నడిచింది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళు సహాయకులను పెట్టుకోవడానికి డబ్బిచ్చే ఇండిపెండెంట్ లివింగ్ ఫండ్ 1988లో వచ్చింది. 1996 చట్టంతో స్థానిక సంస్థలు సాయానికి బదులు నేరుగా డబ్బే ఇవ్వొచ్చన్నారు. వికలాంగుడు యజమాని అయ్యాడు, మంచిదే. కానీ యజమాని అన్నాక సహాయకుడి సెలవు జీతం కూడా ఇవ్వాలి, ఆ రోజు వచ్చిన రెండో మనిషికీ ఇవ్వాలి. ఇచ్చిన బడ్జెట్‌లో ఆ రెండో జీతం లెక్కేయకపోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఆ ఫండ్‌ను 2015 జూన్‌లో మూసేశారు.

జర్మనీలో చాలాకాలం ఇంకో దారి ఉండేది. సైన్యంలో చేరబోమన్న యువకులకు ప్రత్యామ్నాయంగా పౌర సేవ ఉండేది, వాళ్ళలో కొందరు తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళ ఇళ్ళలో పనిచేసేవారు. 2011లో నిర్బంధ సైనిక సేవ నిలిపివేయడంతో ఆ సేవ కూడా ఆగింది. దాని స్థానంలో స్వచ్ఛంద సేవా పథకం పెట్టారు. చవకగా, ఏటా తప్పకుండా వచ్చే చేతుల మీద ఒక వ్యవస్థను నిలబెడితే ఇదే జరుగుతుంది.

బ్యాకప్ ఎంత దగ్గరి విషయమో చూడాలంటే 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాలి. వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదన్న, అమెరికా పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ నిబంధనలపై సంతకం పెట్టమంటూ వంద మందికి పైగా ఒక ప్రభుత్వ భవనంలో బైఠాయించి, మూడు వారాలు దాటినా కదల్లేదు. చాలామంది సహాయకులు, కాథెటర్లు (మూత్రం బయటికి తీసే గొట్టాలు), మందులు అన్నీ బయటే వదిలి వచ్చినవాళ్ళు. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన బ్రాడ్ లోమాక్స్ కూడా అందులో ఉన్నాడు. ఆయన సహాయకుడు చక్ జాక్సన్ ఆయనకు మాత్రమే కాక, ఇంకా చాలామందికి సాయం చేశాడు. పాంథర్లు రోజూ వేడి భోజనం తెచ్చిపెట్టారు. నిబంధనల మీద సంతకం పడింది. అన్ని రోజులు లోపల నిలబడగలగడానికి ఇలాంటి చేతులు కూడా కారణమని నేననుకుంటాను.

ఇంతకీ రెండో మనిషి ఎందుకు దొరకడు? ప్రధాన కారణం జీతం. అమెరికాలో 1974లో కనీస వేతన చట్టాన్ని ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు విస్తరిస్తూనే, వృద్ధులకూ వికలాంగులకూ 'తోడుండే' పనిని మినహాయించారు. ఎవలిన్ కోక్ అనే హోమ్ కేర్ వర్కర్ ఓవర్‌టైమ్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2007లో ఓడిపోయింది. 2013లో ప్రభుత్వం నిబంధన మార్చింది, కోర్టు గొడవలు తేలి 2015లో అమలైంది. దానికీ ఒక మెలిక ఉంది. ఓవర్‌టైమ్ ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని రాష్ట్రాలు ఒక్కో సహాయకుడి వారపు గంటలకు పరిమితి పెట్టాయి. న్యాయంగా రావలసిన జీతం వర్కర్లకు వచ్చింది, అదే సమయంలో 'ఇంకో రెండు గంటలు ఉండవా' అని అడిగే వీలు తగ్గింది. ఈ రెంటినీ ఎదురెదురుగా పెట్టి వర్కర్ల హక్కునే తప్పుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. రెండో మనిషికి డబ్బు పెట్టకపోవడమే అసలు లోపం.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 19వ అధికరణంలో వ్యక్తిగత సహాయాన్ని పేరు పెట్టి ప్రస్తావించింది. భారత్ దాన్ని 2007లో ధ్రువీకరించింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 5వ సెక్షన్‌లో ఆ మాట ఉంది, 24వ సెక్షన్‌లో కేర్‌గివర్ అలవెన్స్ ఉంది. ఆ మనిషి రాని రోజు సంగతి మాత్రం లేదు.

ఆ రోజు సంగతి అమెరికా కేంద్ర నిబంధనల్లో 2014లో కనిపిస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ డబ్బుతో ఇంటి దగ్గర సేవలు పొందేవారి ప్రణాళికలో, అవసరమైనచోట, బ్యాకప్ ఏర్పాటు రాసి ఉండాలని. కాగితం మీద ఆ గడి నింపడం తేలిక, 'కుటుంబ సభ్యులు' అని రాసేస్తే సరిపోతుంది. మళ్ళీ ఆ అమ్మే, ఆ అక్కే.

కాలిఫోర్నియా ఇంకాస్త ముందుకెళ్ళింది. కొవిడ్ రోజుల్లో సహాయకులు క్వారంటైన్‌లో పడి ఇళ్ళు అల్లాడినప్పుడు అత్యవసర బ్యాకప్ పెట్టారు. 2022 అక్టోబర్ నుంచి దాన్ని రాష్ట్రమంతటా శాశ్వతం చేశారు. ఏడాదికి 80 గంటలు, తీవ్ర వైకల్యం ఉంటే 160. అప్పటికప్పుడు వచ్చేవాళ్ళకు మామూలు కంటే గంటకు 2 డాలర్లు ఎక్కువ. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఆ రెండు డాలర్లే. పిలవగానే రావడం కూడా ఒక పనేనని ఒప్పుకున్నారు. గంటలు మాత్రం చాలవు. రోజుకు ఎనిమిది గంటల సాయం కావలసిన మనిషికి 80 గంటలంటే పది రోజులు.

మనిషి వచ్చినా ఇంకో చిక్కు ఉంది. మనిషిని మంచం మీంచి ఎత్తే యంత్రం (హాయిస్ట్) స్లింగ్ పట్టీల్లో ముందు ఏది తగిలించాలి, ఏ కాలు పట్టుకోగానే బిగుసుకుపోతుంది, కుషన్ అంగుళం పక్కకు జరిగితే సాయంత్రానికి ఏమవుతుంది, ఇవన్నీ ఆ ఒంటి గురించి ఆ ఒక్క మనిషికే తెలిసిన విషయాలు. మొదటిసారి వచ్చినవాడికి పడుకున్న చోటు నుంచే ఒక్కొక్కటి చెప్పాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు అంతా బాగున్నప్పుడే రెండో మనిషిని అప్పుడప్పుడూ పిలిచి, మొదటివాళ్ళ పక్కన నిలబెట్టి పని చేయిస్తారు. ఆ గంటలకు వేరే డబ్బు ఇచ్చే పథకాలు అరుదు. రోజూ వచ్చే సహాయకుడి గంటల్లోంచే కోసి ఇవ్వాలి.