గాజుబుడ్డి, గొట్టాలు, వెండి బట్ట: చవక స్పేస్‌సూట్ల గురించి అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో టీవీ సీరియళ్ళకి దుస్తులు కుట్టే వర్క్‌షాపుల్లో నా పని. సెలవులకి ఇంటికొస్తే చాలు, ఎవరో ఒకరు బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' పాత క్లిప్ ఒకటి ఫోన్‌లో చూపించి "నువ్వు చేసేది ఇదేనా?" అని నవ్వుతారు. వెండి రంగు బట్ట, నడుముకో గొట్టం, నెత్తిన గాజుబుడ్డి. నవ్వొచ్చే మాట నిజమే. కానీ చవక సూట్‌లో ఎక్కడ కక్కుర్తి పడ్డారు, ఎక్కడ పడలేదు అన్నది బయటివాళ్ళు దాదాపు ఎప్పుడూ తారుమారుగా ఊహిస్తారు.

అపోహ: అవన్నీ వంటింటి ఫాయిల్, ప్లాస్టిక్ సామాన్లతో చేసినవే

కొంత నిజం. 'డాక్టర్ హూ'లో సైబర్‌మెన్ అనే యంత్ర మనుషులుంటారు, 1967లో వచ్చిన వాళ్ళ కీళ్ళ దగ్గర కనిపించే గుండ్రటివి గోల్ఫ్ ప్రాక్టీసుకి వాడే చిల్లుల ప్లాస్టిక్ బంతులు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దూరం నుంచి చూస్తే అవి యంత్రం కీళ్ళలాగే ఉంటాయి, బరువుండవు, పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు.

కానీ దానికి కొన్ని నెలల ముందు, 1966లో, సైబర్‌మెన్ మొదటిసారి కనిపించిన 'ద టెన్త్ ప్లానెట్' కథలో వ్యోమగాములు వేసుకున్నవి చూడండి. అవి విండాక్ సూట్లు. చాలా ఎత్తున ఎగిరే పైలట్ల కోసం బ్రిటన్‌లో తయారైన అసలు సిసలు ప్రెషర్ సూట్లు, అంటే ఒంటి చుట్టూ ఒత్తిడి నిలిపేవి. 1980లో స్టార్ వార్స్ సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో బల్లి ముఖం పాత్ర బాస్క్ వేసుకున్నదీ ఆ రకమే. ఆ సినిమా బడ్జెట్‌కీ బీబీసీ బడ్జెట్‌కీ పోలికే లేదు, సూట్ మాత్రం ఒకే జాతిది! 1982లో 'ఎర్త్‌షాక్' కోసం సైబర్‌మెన్‌ని కొత్తగా తయారు చేసినప్పుడు కూడా లోపలి ఆధారం ఫైటర్ పైలట్లు విమానం వేగంగా మలుపు తిరిగేటప్పుడు స్పృహ తప్పకుండా వేసుకునే జీ-సూటే, పైన వెండి రంగు కొట్టారు.

సైన్యం వదిలేసిన సరుకు మీద ఎందుకంత మోజు అంటే, మా పనిలో ఖర్చయ్యేది బట్ట కాదు, గంటలు. ప్రెషర్ సూట్‌కి పక్కల తాళ్ళు బిగించే వరుసలు, మోచేతి దగ్గర మడతలు, మెడ చుట్టూ లోహపు రింగు ఉంటాయి. అవన్నీ కొత్తగా కట్ చేసి కుట్టాలంటే ఒక మనిషికి వారాలు పడుతుంది. ఎవరో ఇంజనీర్ ఎప్పుడో తలబద్దలు కొట్టుకుని చేసిన పని రెడీగా దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు?

డబ్బు ఎంత తక్కువో కూడా చెప్పాలి. 1953లో బీబీసీ లైవ్‌గా ప్రసారం చేసిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'ద క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' ఆరు ఎపిసోడ్లకీ కలిపి అయిన ఖర్చు 4,000 పౌండ్ల లోపే. 1978లో మొదలైన అంతరిక్ష సీరియల్ 'బ్లేక్స్ 7'కి ఇచ్చింది అంతకు ముందు అదే స్లాట్‌లో వచ్చిన పోలీసు సీరియల్ బడ్జెట్. పోలీసు యూనిఫాం అయితే స్టోర్ నుంచి తెచ్చుకోవచ్చు. అంతరిక్షంలో అలాంటి స్టోరేదీ లేదు కదా.

అపోహ: వెండి రంగు అంటే డిజైనర్‌కి ఊహ లేదని

1961లో అమెరికా తొలి వ్యోమగామి అలన్ షెపర్డ్ నిజంగానే వెండి రంగు సూట్ వేసుకుని అంతరిక్షానికి వెళ్ళాడు. షెపర్డ్ వెళ్ళిన మెర్క్యురీ కార్యక్రమంలో వ్యోమగాముల సూట్ల పైపొర అల్యూమినియం పూత పూసిన నైలాన్. అప్పటి ప్రేక్షకుడికి వ్యోమగామి అంటే ఆ ఫొటోలే. తెల్ల సూట్లు అపోలోతో మనసులో నాటుకున్నాయి కాబట్టి వెండి ఇప్పుడు మనకి పాతగా అనిపిస్తుంది.

నిజానికి వెండి బట్ట మాకు సుఖం కాదు, తలనొప్పి. 1970ల్లో బీబీసీ నటుణ్ణి నీలం తెర ముందు నిలబెట్టి, ఆ నీలం ఉన్న చోటల్లా వేరే బొమ్మ అతికించేది. వెండి సూట్ అద్దం లాంటిది, ఆ నీలాన్ని పట్టుకుంటుంది. అప్పుడు భుజంలో చిల్లు పడి, ఆ చిల్లులోంచి చంద్రుడు కనిపిస్తాడు. ఇప్పటి గ్రీన్ స్క్రీన్‌తోనూ అదే గొడవ. మెరుపు చంపడానికి స్ప్రేలు ఉంటాయి. మధ్యాహ్నం భోజనమయ్యేసరికి అదంతా నటుడి చేతులకి అంటుకుని పోతుంది, మళ్ళీ కొట్టాలి.

తెలుపు వాడొచ్చుగా అంటారేమో. పాత వీడియో కెమెరాలకి తెలుపు పడేది కాదు, వెలుగై విరజిమ్మేది. తెల్ల బట్టని టీ నీళ్ళలో ముంచి తీయడం ఈ ఫీల్డ్‌లో నేర్చుకునే మొదటి పనుల్లో ఒకటి. వర్క్‌షాపులో పెద్ద గిన్నెలో టీ మరుగుతుంటే కొత్తగా చేరినవాళ్ళు కప్పు పట్టుకుని రావడం నేను చూశాను.

అపోహ: హెల్మెట్ లోపల లైట్లు పెట్టడం శుద్ధ అజ్ఞానం

సైన్సుపరంగా ఈ విమర్శ కరెక్టే. లోపల లైటు వెలిగితే వ్యోమగామికి తన మొహం తప్ప బయటేమీ కనబడదు. అసలు హెల్మెట్‌కి లైట్లు బయట ఉంటాయి, ఎండకి అడ్డంగా బంగారు పూత వైజర్ (మొహం ముందుండే అద్దం) దించుకుంటారు. ఆ పని మేం చేస్తే తెర మీద నలుగురు బంగారు బంతులు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, ఎవరు ఏడుస్తున్నారో తెలియదు. సెట్లకి డబ్బు లేని సీరియల్‌ని మోసేది నటుల మొహాలే. 1982 సైబర్‌మెన్‌కి కూడా దవడ భాగం పారదర్శకంగా పెట్టింది అందుకే. లోపల వెండి రంగు పూసిన గడ్డం కదులుతుంటే మాట ఎవరిదో తెలుస్తుంది.

చవక సూట్ ఓడిపోయేది హెల్మెట్ దగ్గరే. బట్ట దగ్గర కాదు.

నేను చేరిన కొత్తలో ఒక చిన్న ప్రొడక్షన్‌కి వేల్స్‌లో ఒక క్వారీలో జనవరి రాత్రి షూటింగ్. (బ్రిటిష్ టీవీలో పరాయి గ్రహం అంటే సగం సార్లు క్వారీయే.) హెల్మెట్ పెట్టిన నిమిషంలో వైజర్ ఆవిరి పట్టి పాలగ్లాసులా అయిపోయింది. ఈతగాళ్ళ చిట్కా గుర్తొచ్చి గిన్నెలు కడిగే లిక్విడ్ లోపల రాశాను. ఆవిరి పోయింది. పది నిమిషాలకి చెమటతో కలిసి ఆ సబ్బు నటుడి కళ్ళలోకి దిగింది. ఆయన పెట్టిన కేక ఇంకా నా చెవుల్లో ఉంది, నేను టెన్షన్‌తో హెల్మెట్ తాళం తీయలేక చేతులు వణికిపోయాయి. చాలా ఏళ్ళకి తెలిసింది, 2001లో కెనడా వ్యోమగామి క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్‌కి అంతరిక్షంలో నడుస్తుండగానే ఇలాగే వైజర్‌కి రాసిన ద్రావకం కంట్లో పడి చూపు ఆగిపోయిందని. నాసా వాళ్ళకే తప్పలేదంటే, కొంచెం ఊరట.

తర్వాత కంప్యూటర్‌లో ఉండే చిన్న ఫ్యాను బిగించాం. ఆవిరి ఆగింది, సౌండ్ రికార్డిస్ట్ గొడవ మొదలైంది, మైకులో డైలాగ్ కంటే ఫ్యానే ఎక్కువ వినిపిస్తోందని. చివరికి ఏం చేస్తామంటే, యాక్షన్ అనగానే ఫ్యాను ఆపేస్తాం, కట్ అనగానే వేస్తాం. క్లోజప్‌లో అయితే అసలు గాజే తీసేస్తాం. అప్పుడు ఆవిరి లేదు, కెమెరావాళ్ళ ప్రతిబింబం లేదు, మాట స్పష్టం. పెద్ద బడ్జెట్ వాళ్ళు ఆ ప్రతిబింబాల్ని తర్వాత కంప్యూటర్‌లో గీసి కలుపుతారు. మేం వదిలేస్తాం. ఇంతవరకు నన్ను ఎవరూ పట్టుకోలేదు.

అపోహ: ఒకే సూట్ మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అది బద్ధకం

2006లో 'డాక్టర్ హూ'లో 'ది ఇంపాసిబుల్ ప్లానెట్' కథకి నారింజ రంగు సూట్ వచ్చింది. అదే డిజైన్ 2009లో 'ద వాటర్స్ ఆఫ్ మార్స్'లో, 2013లో 'హైడ్'లో, 2014లో 'లిసన్', 'కిల్ ద మూన్'లలో కనిపిస్తుంది. కథానాయకుడైన డాక్టర్ పాత్రకి ఈలోగా నటులు మారిపోయారు, సూట్ మారలేదు. మన పౌరాణిక నాటకాల ట్రంకుపెట్టెలో ఒకే కిరీటం ఈ రాత్రి దుర్యోధనుడికి, రేపు రావణుడికి వెళ్ళడం చూసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు.

దీని వెనక కుట్టు పనివాడి ముందుచూపు ఉంటుంది. పిల్లల గౌనుకి మన దర్జీలు లోపల బట్ట వదిలినట్టు మేం కూడా కుట్టుల్లో ధారాళంగా వదులుతాం, వచ్చే నటుడు ఎంత లావో ఎవరికి తెలుసు?

అపోహ: నాసా సూట్‌ని ఉన్నదున్నట్టు కాపీ కొడితే సరి

అంతరిక్ష కేంద్రం బయట వాడే అమెరికన్ సూట్ భూమ్మీద దాదాపు 127 కిలోలు. ఇంకేం చెప్పను.

అయినా ఆ లోకం మనకి అంత పరాయిదేం కాదు. అపోలో సూట్లు కుట్టింది అంతకుముందు బ్రాలు, గర్డిల్స్ (నడుము బిగించే లోదుస్తులు) కుట్టిన కంపెనీ ఆడవాళ్ళు, మామూలు కుట్టు మిషన్ల మీద. ఇక ఒంటి చుట్టూ సన్నని గొట్టాల్లో చల్లటి నీళ్ళు తిప్పే లోచొక్కా ఆలోచనకి 1960ల మొదట్లో రూపం ఇచ్చింది బ్రిటన్‌లోనే, ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో. డబ్బున్న షూటింగుల్లో ఇప్పుడు నటులకి అలాంటి చొక్కాలే ఇస్తున్నారు. మా దగ్గర ఫ్రిజ్ ఉంటుంది. అందులో జెల్ ప్యాకెట్లు, ఒక్కోదాని మీద మార్కర్‌తో నటుడి పేరు, "వీపుకి" అనో "మెడకి" అనో రాసి.